పలుపు చేతిలో, ఓకే నోట్లో

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిదే, ఊరూ మంచిదే. మధ్యలో ఒక మాట దూరింది. దూరి, పుంగనూరు సంతలో పట్టపగలు, పదిమందీ చూస్తుండగా, మా అత్త పంచప్రాణాలూ పెట్టుకున్న ఆవును పరాయివాడి వెంట సాగనంపేంత పని చేసింది. ఆ మాట పొడుగైనదీ కాదు, మన భాషదీ కాదు. ఓకే. అంతే. అంత చిన్న మాటతో నా అంతగా కొంప ముంచుకున్న మనిషిని ఈ చుట్టుపక్కల ఇంకొకరిని చూపిస్తే, వాళ్లకు నేనే స్వయంగా టీ కాచి ఇస్తాను.

టీ మాట ఊరికే అనలేదు. మాది కుప్పం. మా నాయనకు అక్కడ టీ అంగడి. ఐదో తరగతి దాకా బడికి పోయి, తర్వాత గ్లాసులు కడగడంలో పైచదువులు చదివాను. అరవం, కన్నడం, తెలుగు మూడూ ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగే ఊరు కాబట్టి మూడు భాషల్లోనూ "చక్కెర తక్కువ" అనడం వచ్చు. ఇంగ్లీషు రాదు. పశువుల గురించి నాకు తెలిసిందల్లా, పాలు పొద్దున్నే క్యానులో వస్తాయని.

అటువంటి దాన్ని తెచ్చి పుంగనూరుకూ పెద్దపంజాణికీ మధ్యలో ఒక పల్లెలో, సేద్యం చేసే ఇంట్లో కోడల్ని చేశారు. తొంభైల్లో మాట ఇది. ఆ ఇంట్లో పెత్తనం మా అత్త సిద్దమ్మది. సిద్దమ్మ మీద పెత్తనం బుడ్డమ్మది. బుడ్డమ్మ అంటే మా ఆవు. అసలైన పుంగనూరు జాతి. నిలబడితే నా నడుము దాకా కూడా రాదు. కానీ దాని చూపు చూస్తే మాత్రం తాసిల్దారు కూడా లేచి నిలబడాలి. మా అత్త పెళ్లయి వచ్చినప్పుడు పుట్టింటివాళ్లు తోలిచ్చిన ఆవుకు ఇది మనవరాలు. పొద్దున లేస్తే అత్త నాతో మాట్లాడే మాటలకన్నా దానితో మాట్లాడే మాటలే ఎక్కువ. పైగా దాన్ని "తల్లీ" అనేది, నన్ను "ఏమ్మే" అనేది.

ఆవును కట్టే పలుపు తాడు కూడా అత్తే పేనేది. కిత్తనార నానబెట్టి, దంచి, ఆరబెట్టి, తొడ మీద వేసి పేని, చివర తన పాత చీర అంచు ఒక ముక్క కలిపి ముడివేసేది. ఆ తాడు ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు. నేనొకసారి చెయ్యి పెట్టబోతే చెప్పింది.

"నువ్వు టీ అంగడి పిల్లవి. నీకు గ్లాసు పట్టుకొనేది తెలుసు గానీ పలుపు పట్టుకొనేది తెలీదు. గమ్మునుండు."

నేను గమ్మునే ఉన్నాను. ఉండలేకపోయింది ఆ మాట వచ్చినాకే.

ఆ మాటను మా ఇంటికి తెచ్చింది మా మరిది గంగాధరం. మదనపల్లెలో కాలేజీలో చదివేవాడు. శనివారం సాయంత్రం బస్సు దిగేటప్పుడు సంచీలో మాసిన గుడ్డలు, నోట్లో కొత్త ఇంగ్లీషు మాట ఉండేవి. గుడ్డలు నేనుతికేదాన్ని. మాటలు నాకు అంటేవి కావు. ఇదొక్కటి మాత్రం పల్లేరుకాయలాగా కొంగుకు పట్టుకుంది.

"వదినా, ఇదొక్కటి నేర్సుకో, సాలు. ఇంగ్లీషు సగం వచ్చేసినట్టే" అన్నాడు ఒకనాడు.

"అంత పెద్ద మాటా అబ్బయా? నా నోరు తిరుగుతాదా?"

"సిన్నదే. ఓకే."

"అంటే ఏంది?"

"సరే అని."

"సరేకు సరే ఉండాది కదప్పా. మళ్లీ ఇదెందుకు?"

వాడు గురువులాగా నవ్వాడు. "సరే అంటే సరే ఒకటే వదినా. ఓకే అంటే ఏమైనా."

ఏమైనా! ఒక్క బిందెతో ఊరందరి నీళ్లూ తేవచ్చన్నట్టు వినిపించింది నాకు. ఆ రోజు నుంచి వాడి నోటి మీదే కన్నేసి పెట్టాను. అన్నానికి రమ్మంటే "ఓకే" అనేవాడు, వచ్చేవాడు కాదు. ఇంకొంచెం సంగటి పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి "ఓకే ఓకే" అనేవాడు, అంటే చాలని. సంగటిలోకి నూరిన ఊరిబిండి పచ్చడి ఎట్లుందిరా అంటే భుజాలు ఎగరేసి "ఓకే" అనేవాడు, అంటే గొంతు దిగుతోంది కానీ గొప్పేం కాదని. వాళ్లన్న తిట్టినంతసేపూ "ఓకే, ఓకే" అంటుండేవాడు. అది విన్నాననడం మాత్రమే, చేస్తాననడం కాదు. ఆదివారం బస్సెక్కుతూ "ఓకే వదినా" అంటే పోయొస్తానని. ఇంక నేను మా పుట్టింటి గొప్పలేవైనా చెప్పడం మొదలుపెడితే "ఓఓకే..." అని నక్క తోకంత సాగదీసేవాడు. అది నమ్మలేదని.

సంగటి ముద్దలాంటి మాటండీ అది. ఏ పులుసులో ముంచితే ఆ రుచి. నాకు మతిపోయింది. పిల్లికీ కోడికీ కూడా ఓకే చెప్పడం మొదలుపెట్టాను. మా ఆయనకైతే ఏది చెప్పినా ఓకేనే. ఆయన మంచివాడు, పట్టించుకోలేదు. అత్త దగ్గరే చిక్కొచ్చింది.

"ఏమ్మే సరోజా, బియ్యం నానేసినావా?"

"ఓకే అత్తా."

"నానేసినట్టా, నానేస్తాననా, మర్సిపోయినట్టా?"

నేను ఖాళీ గిన్నె వైపు చూశాను. "మర్సిపోయినట్టత్తా."

"సూసినావా? ఆ మాట ఎనకాల దూరి దాంకుంటాండావు. మనిసి నోట్లో ఔననుండాల, లేకుంటే కాదనుండాల. ఔనూ కాదూ కాకుండా అదేం మాట? ఊసరవెల్లికి పుట్టిన మాట. ఏదో ఒక దినం అది నిన్ను నడీదిలో నిలబెడతాది."

"ఓకే అత్తా" అన్నాను. అంటే విన్నానని.

నడివీధి కాదు కానీ, నడిసంత.

బుడ్డమ్మ మెడలో గంట పగిలింది. కొత్తది కొనాలి. సంత దినం పొద్దున్నే అత్త ఆవును కడిగి, నొసట పసుపు కుంకుమ పెట్టి, పలుపు పట్టుకుని బయలుదేరింది. మా ఆయన టమాటాలు వేసుకుని మదనపల్లె మండీకి పోయాడు కాబట్టి తోడుగా నన్ను పిలిచింది. నేను సంబరంగా కొత్త నైలాన్ చీర కట్టుకున్నాను. కానీ నాకొక అనుమానం.

"గంట కొనేదానికి ఆవెందుకత్తా?"

"గాజులు కొనేదానికి పోతా సెయ్యి ఇంట్లో పెట్టి పోతావా?"

నాలుక చివరికి ఓకే వచ్చింది. దాన్ని మింగేశాను.

సంతకు పోయేసరికి జనం, ఎద్దులు, దుమ్ము. గంటలమ్మే అంగడి లోపల సందులో ఉంది. ఆవుతో దూరడం కుదరదు. అత్త అటు చూసింది, ఇటు చూసింది, చివరికి, మనసుకు కష్టంగానే, పలుపు తెచ్చి నా చేతిలో పెట్టింది. పెళ్లయినాక అదే మొదటిసారి. మా నాయన నన్ను అప్పగించేటప్పుడు కూడా అంత బాధపడలేదు.

"గంట వాయించి సూసి, దీని మెడకు సరిపడేది రెండు మూడు ఏరుకొనొస్తా. ఈణ్ణే నిలబడు. ఎవురేమడిగినా గమ్మునుండు."

"ఓకే అత్తా."

అత్త నన్నొక చూపు చూసి సందులోకి పోయింది.

పశువుల సంతలో ఆవును పట్టుకుని నిలబడిన మనిషిని చూసి, ఈమె గంట కోసం వచ్చింది అని ఎవరైనా అనుకుంటారా? మీరు అనుకుంటారా? మునెప్ప కూడా అనుకోలేదు. మునెప్ప అంటే దళారి. భుజం మీద తువ్వాలు, నోట్లో ఆకువక్క. వెంట ఒక ఆసామి ఉన్నాడు. వెంకటగిరికోట దాటినాక కన్నడం కలిసిన తెలుగు మాట్లాడతారే, ఆ పక్క మనిషి. నెమ్మదైనవాడు. బుడ్డమ్మను చూసిన దగ్గర్నుంచీ ఆయన కళ్లు వేరే పశువు మీద పడలేదు.

"ఏమ్మా, ఆవు బాగుండాదా? రోగం రొష్టు ఏమీ లేదుగదా?" అన్నాడు మునెప్ప.

గమ్మునుండమంది అత్త. కానీ పలకరించిన మనిషికి జవాబు చెప్పకపోతే టీ అంగడి మర్యాద ఏమైపోతుంది? పైగా కోట నుంచి వచ్చిన మనుషులు, వాళ్లకు మన ఇంగ్లీషు తెలియాలి గదా.

"ఓకే" అన్నాను. అంటే బాగుందని.

ఆసామి తల ఊపాడు. "హాలు ఎట్లమ్మా? పాలు?"

"ఓకే ఓకే" అన్నాను, భుజాలు ఎగరేసి. అంటే ఏదో ఇంటికి సరిపోతాయని. చిన్న ఆవు, నేనెందుకు అబద్ధమాడాలి?

మునెప్ప నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి ఏదో ధర చెప్పాడు. ఎందుకు చెబుతున్నాడో నాకు తెలియదు. సంతలో మనుషులు ధరలు చెప్పుకుంటారు, మా అంగడి బెంచీ మీద రాజకీయాలు చెప్పుకున్నట్టు. "ఓకే" అన్నాను. అంటే విన్నానని.

"అయితే సాలునామ్మా?"

ఇంక నన్ను వదిలితే చాలు అనిపించింది. "ఓకే, ఓకే."

అప్పటికీ ఏమీ మునగలేదు. సంతలో మాటకు విలువ లేదని నాకు తర్వాత తెలిసింది. ఇంకో నాలుగు ఓకేలు చెప్పినా ఆవు నా దగ్గరే ఉండేది. అసలు పని చేసింది నా కొంగు.

నేను మాటల్లో ఉండగా బుడ్డమ్మ నా నైలాన్ కొంగు నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. మా ఆయన కొనిపెట్టిన చీర! లాగితే చిరుగుతుంది. లాగకపోతే లోపలికి పోతుంది. కింద ఎవరి మోపులోనుంచో పడిన పచ్చి గడ్డి కనిపించింది. వంగి ఒక గుప్పెడు తీసి దాని మూతి ముందర ఆడించాను. అది గడ్డి వైపు చూడనే లేదు. దానికి నైలానే రుచిగా ఉన్నట్టుంది. కొంగు రెండు చేతులా పట్టి లాగాలంటే పలుపు అడ్డం.

"ఇట్లియ్యమ్మా, పట్టుకుంటారు" అన్నాడు మునెప్ప.

ఆసామి భక్తిగా రెండు చేతులూ చాచాడు. ఆవును పట్టుకోవడానికి ఇంత వినయమెందుకో అనుకుంటూనే, గడ్డి ఉన్న కుడిచేత్తోనే పలుపు తీసి ఆయన చేతిలో పెట్టి, "ఓకే!" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు "శుభం" అన్నారు. నేను కొంగు లాక్కున్నాను. సగం తడి, సగం చిల్లులు. దాన్ని పిండుకుని తలెత్తేసరికి బుడ్డమ్మ తోక ఊపుకుంటూ పోతోంది.

"అన్నా! అన్నా! ఆవును యాడికి తోలుకపోతాండారు?"

"ఇంటికి" అన్నాడు మునెప్ప.

"ఎవురింటికి?"

"ఈయన ఇంటికి. కోట పక్కకు."

"మా ఆవు ఆయనింటికెందుకు?"

"మీ ఆవు యాడుండాది తల్లీ ఇప్పుడు? అమ్మేస్తివి గదా. దుడ్డు నా దగ్గరుండాది, ఎంచిస్తా."

నా గుండె కాచిన పాలలాగా పొంగి పొయ్యిలో పడింది. "నేనెప్పుడు అమ్మితి?"

"బాగుండాదా అంటే ఓకే అంటివి. ధర సెప్తే ఓకే అంటివి. సాలునా అంటే రెండు మాట్లు అంటివి."

"అయ్యో, అది ఆ ఓకే కాదన్నా! మొదటిది బాగుండాదని. ధరకు చెప్పింది విన్నానని. తర్వాతది ఇంక పొమ్మని!"

చుట్టూ జనం మూగారు. ఒక ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అడిగాడు. "ఏందిమ్మా, ఆ ఒక్కదాంట్లోనే ఇన్నుండాయా?"

"ఇంకా ఉండాయి తాతా" అన్నాను ఏడుస్తూ.

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఒక ఎద్దు కూడా అరిచింది. మునెప్ప మాత్రం నవ్వలేదు. "ఓకేకేమమ్మా, మాట గాలి. గాలితో ఎవురూ ఆవును తోలుకపోరు. నువ్వు పలుపిచ్చినావు. పలుపుతో పచ్చిగడ్డి ఇచ్చినావు. కుడిసేత్తో ఇచ్చినావు. సంతలో అంతకన్నా ఇంకేం కావాల? గడ్డీ పలుపూ సేతికొచ్చినాక మా తాత కూడా ఎనక్కి ఇచ్చిందిలేదు."

అప్పుడర్థమైంది. మా పక్క పశువును అమ్మితే కాగితం ఉండదు, సంతకం ఉండదు. "మేత నీది, పశువు నీది" అని గడ్డిపోచతో పలుపు చేతిలో పెడితే అయిపోయినట్టే. సేద్యపు ఇంట్లో పసిబిడ్డకు కూడా తెలిసిన సంగతి ఇది. క్యానులో పాలు చూసి పెరిగిన దానికి ఎట్లా తెలుస్తుంది? మా కుప్పంలో గ్లాసు చేతిలో పెడితే టీ మాత్రమే పోతుంది, అంగడి పోదు.

అత్తకు ఏ ముఖం చూపించాలి? కుప్పం బస్సు గుర్తొచ్చింది. ఆవు కోటకు పోతే నేను నేరుగా పుట్టింటికే అనుకున్నాను. అంతలో సందులోంచి ఘల్లు ఘల్లుమని గంటల శబ్దం.

అత్త వచ్చింది. చేతిలో గంటలు, ఎదురుగా జనం, జనం మధ్య నేను, నా కొంగుకు చిల్లులు, ఆవు ఇంకొకరి చేతిలో. ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. అరవలేదు. ఆసామి దగ్గరికి పోయి నింపాదిగా అడిగింది.

"ఏమప్పా, ఆవును కొన్నారా?"

"ఔనమ్మా. ఆ పాప గడ్డీ పలుపూ ఇచ్చింది."

"గడ్డి సరే. ఏ పలుపు?"

"ఇదే."

"ఇదెవురి పలుపు?"

ఆసామి చేతిలోకి చూసుకున్నాడు. కిత్తనార తాడు, చివర చీర అంచు ముడి. మునెప్ప నమలడం ఆపేశాడు.

"కొత్త పలుపు యాడప్పా?" అంది అత్త. "ఆవునమ్మేవాడు ఇంటి పలుపు ఇప్పుకొని, కొత్త పలుపేసి ఇస్తాడు. ఇంటి పలుపు మళ్లా ఇంటి గుంజకే పోవాల. ఇంటి పలుపుతో ఆవును తోలిచ్చిన మనిసిని ఈ సంతలో ఎవురన్నా సూసుంటే సెప్పండి. మునెప్పా, నువ్వు సూసినావా?"

మునెప్ప తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీద వేసుకున్నాడు.

"ఇంటి పలుపుతో పోయిన ఆవు ఏమవుతాదో నీకు తెలుసు గదప్పా?" అంది అత్త ఆసామితో, సొంత తమ్ముడితో చెప్పినట్టు. "పాలీదు. మేతకు మూతి పెట్టదు. దినామూ పాత కొట్టం పక్కకే తిరుక్కోని నిలబడతాది."

సరిగ్గా అప్పుడే బుడ్డమ్మ మెడ తిప్పి మా ఊరి దారి వైపు చూసి "అంబా" అంది. నిజానికి అది చూసింది నా కొంగు వైపు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు, చెప్పలేదు.

ఆసామి తేలు కుట్టినట్టు తాడు వదిలేశాడు. "బేడమ్మా, బేడ! నాకొద్దు! తల్లి మనసు నొప్పించి తోలుకపోతే నా ఇంటికి మంచిది కాదు."

"పోనీలే, నువ్వు మంచి మనిసివి" అంది అత్త. "దీనికి పెయ్యదూడ పుడితే కబురు పెడతా. నువ్వే కొత్త పలుపు తెచ్చుకొని రా." తర్వాత అన్నమాట ప్రకారమే ఆయన వచ్చి దూడను తోలుకుపోయాడు. ఆ రోజు గడ్డీ పలుపూ అత్తే ఇచ్చింది. నన్ను వంటింట్లో ఉండమంది.

అత్త గంట కట్టింది. ఇల్లు చేరేదాకా ఒక్క మాట లేదు. ముందు అత్త, మధ్యలో గంట మోగిస్తూ బుడ్డమ్మ, వెనక చిల్లుల కొంగుతో నేను. తిట్టినా బాగుండేది. తిట్టే అత్తతో బతకవచ్చు. తిట్టని అత్త వెనక నడవడం నిప్పుల గుండం తొక్కడమే.

సాయంత్రం మా ఆయన మదనపల్లె నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ అడిగాడు. "ఏమ్మా, సంత ఎట్లుండాది?"

నేను పొయ్యి దగ్గర సంగటి కెలకడం ఆపేశాను. అత్త నా వైపు చూసింది, కొట్టం వైపు చూసింది, నోరు రెండు మాట్లు తెరిచి మూసింది. ఔననలేదు, కాదనలేదు.

"ఓకే" అంది.

మా ఆయన చెంబు కింద పడేశాడు. నేను ఆ రాత్రి అత్తకు ఊరిబిండిలో నెయ్యి ఇంకొక గరిటె వేశాను. అత్త నన్ను దాచింది. ఆ మాట వెనకాల దాక్కుంటావని నన్ను తిట్టిన మనిషే అందులో నాకు చోటిచ్చింది. అంతా బాగానే ఉంది కానీ మరుసటి పొద్దుకే పాలు పోయించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లందరూ నన్ను "ఓకేనా సరోజా" అని పలకరించారు. సంతలో నోళ్లు ఉన్నాయని మా ఇద్దరికీ గుర్తులేకపోయింది.

చాలా ఏళ్లు గడిచాయి. గంగాధరానికి ఉద్యోగమొచ్చింది, రెండువేల సంవత్సరం దాటినాక ఇంటికొక సెల్‌ఫోను తెచ్చాడు. ఇల్లంతా చుట్టూ చేరాం. ఏదో చేశాడు, తెర మీద ఏదో వచ్చింది.

"వదినా, ఈడ ఓకే అని ఉండాది సూడు. దాన్ని నొక్కు, సాలు."

నా వేలు గాల్లోనే ఆగిపోయింది. "నొక్కితే ఏమవుతాది?"

"ఏమీ కాదు. నొక్కు."

అప్పటికి అత్తకు చూపు తగ్గింది. మంచం మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అంది.

"తొందర పడొద్దు సరోజా. ముందు కొట్టంలోకి పోయి ఆవుండాదేమో సూసిరా. ఆనక నొక్కు."

గంగాధరం పగలబడి నవ్వాడు. మీరూ నవ్వుతున్నట్టున్నారు. నవ్వండి. నేను మాత్రం లేచి, కొట్టంలోకి పోయి చూసి, వచ్చి నొక్కాను.

అందుకని పెద్దల సాక్షిగా, కిత్తనార సాక్షిగా, చిల్లులు పడినా నేటికీ పెట్టెలో దాచుకున్న ఆ నైలాన్ చీర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చేతిలో పలుపుండగా నా నోట్లో ఆ మాట ఉండదు. పచ్చి గడ్డి పట్టుకుంటే నోరే తెరవను. కొంగును ఏ ఆవు తిన్నా తిననిస్తాను. నా మాట మీద నమ్మకం లేకపోతే బుడ్డమ్మ మనవరాలిని అడగండి. కొట్టంలోనే ఉంది. ఇప్పుడే చూసొచ్చాను.